ముందు కొమ్మ చూడండి, తాడు సంగతి తర్వాత

దసరా సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, ఈ పెరటి శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఉయ్యాలల గురించే ఉంటాయి. సెలవులు అయ్యీ అవగానే ఆశ్వయుజ బహుళ తదియ, అంటే అట్లతద్ది, వచ్చేస్తుంది కాబట్టి ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఈసారి మిరపలో ఆకుముడత, గులాబీకి పేనుబంక గురించి అడిగినవాళ్లందరినీ పక్కన కూర్చోబెట్టాను, ఏమీ అనుకోకండి, వచ్చే సంచికలో మీ వంతే.

తణుకు దగ్గర పల్లె నుంచి ఒక అమ్మమ్మగారు: తమ్ముడూ, హైదరాబాదు నుంచి మనవలిద్దరూ సెలవులకి వస్తున్నారు. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. చేతుల్లో ఫోన్లు దించాలంటే ఉయ్యాల కట్టాల్సిందేనని మా ఆయన పట్టుబట్టారు. పెరట్లో మా మామగారు వేసిన మామిడి, ఒక వేప, నేరేడు, మునగ ఉన్నాయి. నేరేడు కొమ్మ ఒకటి అడ్డంగా, ఉయ్యాల కోసమే పెరిగినట్టుంది. దానికి కట్టేయమంటావా? తాడు ఏది కొనాలి?

అక్కయ్యగారూ, తాడు సంగతి తర్వాత చూద్దాం, ఉత్తరం రాసిన ప్రతివాళ్లూ తాడు గురించే అడుగుతారు గానీ కొమ్మ మంచిది కాకపోతే ఇనప గొలుసు కట్టినా లాభం లేదు. నేరేడుకి మాత్రం వద్దు. చూడటానికి లావుగా, నిండుగా ఉంటుంది గానీ ముందు వంగి, కిర్రుమని చప్పుడు చేసి చెప్పే రకం కాదది, ఉన్నట్టుండి ఫట్‌మని విరుగుతుంది. పళ్ల కోసం నేరేడెక్కి చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, మీ ఊళ్లో అడిగి చూడండి. మునగ మాట ఇక ఎత్తక్కర్లేదు, లేనిపోని పొగడ్తలతో మనిషిని ఎక్కించి పడేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అని మనవాళ్లు ఊరికే అనలేదు. బూరుగ, సుబాబుల్, వేసవిలో ఎర్రగా పూసే గుల్‌మొహర్, ఇవన్నీ కూడా ఆ కోవలోవే. చింత ఉంటే మారుమాట లేకుండా చింతకే కట్టమనేవాణ్ణి. మీకు మిగిలినవి వేప, మామిడి.

వేప మంచి చెట్టే. కానీ 2021లో మన రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొసల నుంచి కాలిపోయినట్టు ఎండిపోయాయి, గుర్తుందా? అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం పని. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి, అయితే అప్పుడు చచ్చిన కొమ్మలు కొన్ని పచ్చటి ఆకుల మధ్య అలాగే ఉండిపోయాయి. కాబట్టి వేపకి కట్టాలంటే మీరు ఎంచుకున్న కొమ్మ ఒక్కటే కాదు, దాని పైన ఏముందో కూడా తలెత్తి చూడండి. ఉయ్యాల కదిలిన ప్రతిసారీ చెట్టంతా కొంచెం కదులుతుంది, పైనున్న ఎండుకొమ్మ రాలితే సరిగ్గా ఊగేవాళ్ల నెత్తినే.

మామిడి పాతది కాబట్టి కొంచెం పరీక్ష పెట్టాలి. కొమ్మ మీద బదనిక, అంటే చెట్టు రసం పీల్చి బతికే వేరే మొక్క, ఉందా? ఉంటే ఆ కొమ్మ వద్దు. కొమ్మ మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలుతోందా, చిన్న చిన్న కన్నాలున్నాయా? అది కాండం తొలిచే పురుగు, లోపల ఎంత తినేసిందో బయటికి తెలియదు. బెరడు మీద పుట్టగొడుగుల్లాంటివి లేచినా లోపల కుళ్లు ఉన్నట్టే. కర్ర సుత్తితో కొమ్మ పొడవునా తట్టుకుంటూ వెళ్లమనండి, గట్టి కొమ్మ ఒకలా పలుకుతుంది, డొల్ల కొమ్మ కుండ మీద కొట్టినట్టు పలుకుతుంది. కొబ్బరికాయ తట్టి చూసి తెచ్చేవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు.

ఇక కొలత. ఉయ్యాల కట్టే చోట కొమ్మ కనీసం 8 అంగుళాల మందం ఉండాలి. మందం ఎలా కొలవాలని అడుగుతారు మీరు, బట్టలు కుట్టే టేపు చుట్టండి, చుట్టుకొలత 25 అంగుళాలు వస్తే 8 అంగుళాల మందం ఉన్నట్టు. మాను నుంచి మూడు నాలుగు అడుగులు ఇవతలికి కట్టండి, పిల్లలు మెలి తిరిగి మానుకి గుద్దుకోకుండా ఉంటుంది, అలాగని కొమ్మ చివరికి పోవద్దు. కొమ్మ మానులోంచి వచ్చే చోట సన్నటి చీలికలా లోపలికి బెరడు మడతపడి ఉంటే దాన్ని వదిలేయండి, అలాంటి పంగలే గాలివానకి చీలేది.

అన్నీ బాగున్నాయనుకున్నాక రెండు సిమెంటు బస్తాల్లో ఇసుక నింపి ఒక రాత్రంతా వేలాడదీయండి. పొద్దున్న కొమ్మ మొదట్లో కొత్త పగుళ్లేమీ లేకపోతే మీ ఆయన్ని కూర్చోబెట్టి ఊపండి. ఎలాగూ పట్టుబట్టింది ఆయనే కదా. ఒక్కమాట, మామిడి మీద ఎర్రచీమల గూళ్లుంటాయి, ఆకులు కలిపి కుట్టినట్టుంటాయి చూడండి, అవి ముందురోజే తీయించండి. లేదంటే పిల్లలు మళ్లీ ఫోన్లు పట్టుకుంటారు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: సార్, మా వాకిట్ల ఉన్న చింతకి ఉయ్యాల కట్టాలని ఐ బోల్టులు, అంటే ఒక చివర కన్నులెక్క రింగు ఉండే బోల్టులు, తెచ్చిన. మా బాపు ఒప్పుకుంటలేడు. చెట్టుకి ఇనుము దిగగొడితే చచ్చిపోతది, తాడు గట్టిగ చుట్టి కడితే చాలంటడు. ఎవరి మాట సరైనది?

బాబూ, ఈసారికి నీ మాటే, కానీ బాపుని కోప్పడకు, చూసే కంటికి ఆయన మాటే సరిగ్గా అనిపిస్తుంది. చెట్టుకి ప్రాణమంతా బెరడు కిందున్న పలచటి పొరలో ఉంటుంది. ఆకు వండిన ఆహారం ఆ పొర వెంటే కిందికి దిగుతుంది. కొమ్మ చుట్టూ తాడు బిగించి ఏళ్ల తరబడి వదిలేస్తే కొమ్మ లావెక్కే కొద్దీ తాడు లోపలికి దిగిపోతుంది, ఆ పొర చుట్టూతా తెగుతుంది, తాడుకి అవతలి భాగం నెమ్మదిగా చస్తుంది. పైగా ఉయ్యాల ఊగినప్పుడల్లా తాడు రంపంలా రాస్తుంది. బోల్టు పెడితే ఒక్కచోట చిన్న గాయం, దాని చుట్టూ మిగతా పొర అంతా పనిచేస్తూనే ఉంటుంది, చెట్టు ఆ గాయాన్ని తనే చుట్టేసుకుంటుంది. నేను ఒకచోట చూశాను, పదేళ్ల కింద పెట్టిన బోల్టు వాషరు కనపడకుండా బెరడు పెదవుల్లా మూసుకుపోయి ఉంది, కొమ్మ మాత్రం నిక్షేపంలా కాస్తోంది.

అయితే పద్ధతి ఉంది. బోల్టు కొమ్మలో పై నుంచి కిందికి పూర్తిగా దూరి రావాలి, కన్ను కిందికి, పైన వెడల్పాటి వాషరు, నట్టు. సగం దాకా తిప్పి వదిలే మరలు వద్దు, ఊగి ఊగి ఒకరోజు ఊడొస్తాయి. మందం 12 మిల్లీమీటర్లు, జింకు పూత ఉన్నది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ. నోరు తెరుచుకుని ఉండే కొక్కేలు తేవద్దు, తాడు ఎగిరి బయటికొచ్చేస్తుంది. రెండు బోల్టుల మధ్య దూరం పీట పొడవు కన్నా కాస్త ఎక్కువ పెట్టు, ఉయ్యాల మెలి తిరగదు.

నాలుగు రోజుల ముచ్చటకైతే బోల్టులెందుకు, గోనెసంచి నాలుగు మడతలు పెట్టి కొమ్మ మీద వేసి దాని మీంచి తాడు కట్టండి, పండగ అవగానే విప్పేయండి. అప్పుడు బాపు మాట కూడా నిలబడుతుంది.

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు: అన్నా, బజార్లో నీలం రంగు ప్లాస్టిక్ తాడు చవగ్గా దొరికింది. 300 కేజీలు మోస్తుందని షాపతను చెప్పినాడు. మా పాప 25 కేజీలు కూడా లేదు. ఇది చాలు కదా?

చెల్లెమ్మా, కూర్చున్నప్పుడు పాప బరువు 25 కేజీలే. ఊగేటప్పుడు కాదు. తాడు బాగా పైకి, నిలువు నుంచి 60 డిగ్రీల దాకా లేచి కిందికి వచ్చిందనుకో, అడుగు భాగం దాటే క్షణంలో తాళ్ల మీద పడేది బరువుకి రెండింతలు. నేలకి సమాంతరంగా వచ్చేదాకా ఊగితే మూడింతలు. ఇక ఆ పీట మీద పాప ఒక్కతే కూర్చుంటుందని నీకెవరు చెప్పారు? సాయంత్రానికి మీ మరిది ఎక్కుతాడు, ఎక్కి నిలబడి ఊగుతాడు. 70 కేజీల మనిషికి మూడింతలంటే 210, రెండు తాళ్లు పంచుకుంటే తాడుకి 105. ఇప్పుడు మీ షాపతని లెక్కకి రా. 300 అన్నది కొత్త తాడు, ముడి లేనప్పుడు. ముడి వేసిన చోట తాడు బలం దాదాపు సగం పోతుంది, 150. అనంతపురం ఎండకి ఇంకో సగం పోయిందనుకో, 75. చూశావా, తేలిపోయింది.

ఆ నీలం, పచ్చ తాళ్లకి ఎండే శత్రువు. ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. మా ఇంట్లోనే అలాంటి పసుప్పచ్చ తాడుతో కట్టి, రెండు వేసవులు అలాగే వదిలేశాను. తాడు బిగుతుగానే కనపడేది. ఒకరోజు మా తమ్ముడి కూతురు ఊగుతుంటే కుడివైపుది పుటుక్కున తెగి పిల్ల పక్కకి పడింది, మణికట్టు దగ్గర ఎముక చిట్లి ఆరు వారాలు కట్టు. తర్వాత ఆ తాడు చేత్తో నలిపితే పసుపు పొడిలా రాలింది, అరచేతికి సన్నటి ముళ్లు గుచ్చుకున్నాయి. ఆ పొడి అంతకు ముందే రాలుతూ ఉండి ఉంటుంది, ఎవరం చూడలేదు, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పాలిస్టర్ తాడు తీసుకో. ఎండకి ఆగుతుంది, పెద్దగా సాగదు. నైలాన్ కూడా బలమైనదే గానీ సాగుతుంది, పొద్దున్న మోకాలి ఎత్తులో కట్టిన పీట సాయంత్రానికి నేలకి దిగుతుంది. 16 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి, బలం కోసమే కాదు, పిల్లల చేతికి పట్టు దొరకాలి కదా. కొబ్బరి తాడు చూడముచ్చటగా ఉంటుంది, ఒక వానాకాలం తర్వాత పురి విప్పి చూడు, లోపల నల్లగా ఉంటే పొయ్యిలోకే. ఏ తాడైనా నెలకోసారి ముడి దగ్గర, బోల్టు రాసుకునే దగ్గర చూడాలి, తెగేది ఎప్పుడూ అక్కడే.

విశాఖపట్నం నుంచి ఒక తల్లి: అంకుల్, చెట్టుకి పాత చీర కట్టి ఉయ్యాల వేశాం. మా ఎనిమిదేళ్ల బాబు అందులో కూర్చుని గిరగిరా తిరుగుతుంటే భయంగా ఉంది. మా అత్తగారేమో చీర మెత్తన, ఏమీ కాదంటున్నారు.

అమ్మా, ఇది చదివిన వెంటనే వెళ్లి విప్పేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

చీర ఉయ్యాలలో చంటిపిల్లని పడుకోబెట్టి పక్కనే కూర్చుని ఊపడం వేరు. ఆడుకునే వయసు పిల్లలు అందులో తిరగడం వేరు. చీర మెలి పడి మెడకి బిగిస్తే పిల్లవాడు అరవలేడు, అదే అసలు ప్రమాదం, వంటింట్లో ఉన్న మీకు చప్పుడే రాదు. పేపర్లో ఏటా ఇలాంటి వార్తలు కనపడుతూనే ఉన్నాయి, ఎక్కువగా వేసవి సెలవుల్లో. మెత్తన కాబట్టే బిగుస్తుంది, అత్తగారికి ఇదే మాట చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. గట్టి పీట, విడివిడిగా రెండు తాళ్లు, ఇది చాలు. తాడు కొసలు కిందికి వేలాడకుండా కత్తిరించేయండి. ఆడపిల్లలు ఊగేటప్పుడు చున్నీ తీసి పక్కన పెట్టాలి. రాత్రి పూట, ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు పీట ఎత్తి కొమ్మకి తగిలించేస్తే ఇంకా మంచిది.

పాత టైరుతో ఉయ్యాల చేయొచ్చా అని మీరే కింద చిన్నగా రాశారు. చేయొచ్చు, చెక్క పీట మొహానికి తగిలితే పళ్లు రాలతాయి, టైరు అంత దెబ్బ కొట్టదు. కాకపోతే అడుగున నాలుగైదు కన్నాలు పెట్టించండి. వాననీళ్లు నిలిస్తే డెంగ్యూ దోమలకి అంతకన్నా మంచి తొట్టి దొరకదు.

హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు: సార్, మాది అపార్ట్‌మెంట్. చెట్టు లేదు. హాల్లో ఫ్యాను కొక్కేనికి ఉయ్యాల తగిలించొచ్చా?

వద్దు. ఆ కొక్కెం ఫ్యానుని మోయడానికి పెట్టింది, ఊగే మనిషిని కాదు. ఉయ్యాలకంటూ శ్లాబులో కడ్డీలకి కట్టి పోసిన కొక్కేలుంటేనే వాడండి, అవి లేకపోతే ఇంజనీరుకి చూపించకుండా డ్రిల్లు మిషను ముట్టుకోకండి. నేల మీద నిలబడే ఇనప స్టాండు ఉయ్యాల తెచ్చుకోవడం తేలిక. లేదా సాయంత్రం పార్కుకి తీసుకెళ్లండి, మీకూ నడకవుతుంది.

డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు: అంకుల్, బ్యాక్‌యార్డ్‌లో పెద్ద ఓక్ చెట్టు ఉంది. ఈ అట్లతద్దికి మా అమ్మాయి ఫ్రెండ్స్‌ని పిలిచి ఉయ్యాల కట్టాలని ప్లాన్. ఇక్కడి చెట్ల గురించి మీకు తెలుసో లేదో, అయినా అడుగుతున్నాను.

తెలిసినంత చెప్తానమ్మా. ఓక్ అంటే ఉయ్యాలకి మన చింత లాంటిదే, దిగులు లేదు. కానీ టెక్సస్‌లో ఓక్ విల్ట్ అనే జబ్బు ఉంది, శిలీంధ్రమే, పచ్చి గాయాల మీద వాలే చిన్న పురుగులు దాన్ని మోసుకొస్తాయి. అందుకే అక్కడి అటవీ విభాగం వాళ్లు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు నరకొద్దు, గాయం చేయొద్దు అంటారు, మిగతా నెలల్లోనైనా గాయం పడిన వెంటనే పెయింటు పూయమంటారు. బోల్టు కన్నం కూడా గాయమే. అదృష్టం కొద్దీ అట్లతద్ది అక్టోబరు చుట్టూ వస్తుంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు, పెయింటు మాత్రం మర్చిపోకు. అద్దె ఇల్లయితే ఓనర్ని అడిగి కట్టు.

అక్కడి ఆటస్థలాల భద్రతా సూచనల్లో ఒక లెక్క ఉంది, ఇక్కడివాళ్లకి కూడా పనికొస్తుంది. ఉయ్యాల వేలాడే చోటు 10 అడుగుల ఎత్తుంటే ముందుకి 20 అడుగులు, వెనక్కి 20 అడుగులు ఖాళీ ఉండాలి, పక్కలకి ఆరేసి అడుగులు. గోడ, బావి గట్టు, బట్టలు ఉతికే బండ, ఏదీ ఆ లోపల ఉండకూడదు. కింద గచ్చు అస్సలు వద్దు, మందంగా ఇసుక గానీ చెక్క ముక్కలు గానీ పోయాలి. ఇసుక వానకి గట్టిపడుతుంది, అప్పుడప్పుడూ పారతో తిరగేయాలి.

రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: ఏమయ్యా, మా రోజుల్లో ఇరవై అడుగుల ఎత్తున చింతకొమ్మకి మోకు వేసి ఊగేవాళ్లం. బోల్టు, వాషరు, ఇసుక ఎవరికి తెలుసు? ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లల్ని మరీ అంత సుకుమారంగా పెంచాలా?

మాస్టారూ, ఎవరికీ ఏమీ కాలేదు అనేది మీరూ నేనూ బతికి కూర్చుని చెప్పుకునే మాట. అయినా మీ కోపంలో నిజం లేకపోలేదు, ఎత్తుకి ఊగితేనే ఉయ్యాల, దాన్ని నేను కాదనను. మా ఊళ్లో కూడా అట్లతద్దికి చెరువు గట్టు మీద చింతకే వేసేవాళ్లు. తెల్లారకుండానే ఆడపిల్లలు గోరింటాకు చేతులతో లేచి, గోంగూర పచ్చడి, పెరుగన్నం తినేసి, చీకట్లోనే గట్టు మీదికి పరుగు. మేం మగపిల్లలం వాళ్లు దిగేదాకా కింద నిలబడి గోల చేసేవాళ్లం.

కానీ మీరొకటి మర్చిపోయారు. ఆ మోకు ముందురోజు సాయంత్రం ఎవరో పెద్దమనిషి తెచ్చేవాడు, చెట్టెక్కి కొమ్మ చూసి కట్టేవాడు, కట్టాక మొదట తనే ఎక్కి ఊగేవాడు. పండగ అవగానే విప్పి ఇంటికి పట్టుకుపోయేవాడు. ఎందుకంటే అది పొలం పనికి కావాల్సిన తాడు. ఏడాదికి రెండు రోజులు కట్టే ఉయ్యాలకి నెలనెలా తనిఖీ అక్కర్లేదు, కట్టిన రోజే తనిఖీ. ఇప్పుడు మనం ఒకసారి కట్టి రెండేళ్లు వదిలేస్తున్నాం, ఎండా వానా దానికే, చూసేవాడు లేడు. మీ మనవళ్లకి మోకు వేసి కట్టండి, ఇరవై అడుగులకే కట్టండి, నాకు అభ్యంతరం లేదు. పండగ మర్నాడు విప్పేయండి. చెట్టెక్కే పని మాత్రం ఈ వయసులో మీరు పెట్టుకోకండి.

గుంటూరు నుంచి నాలుగో తరగతి చదివే పాప: తాతయ్యా, మా అన్నయ్య ఎప్పుడూ వాడే ఊగుతాడు. నా వంతు వస్తే లావుగా ఉన్నావు, కొమ్మ విరుగుతుందని దించేస్తాడు. నేను లావు కాబట్టి నా ఊపు ఎక్కువసేపు పడుతుందని కూడా అంటాడు. నిజమేనా?

రెండూ అబద్ధాలే బంగారం. మీ నాన్నని మోసిన కొమ్మ నిన్ను మోయదా? ఊపుకి పట్టే సమయం మనిషి బరువుని బట్టి ఉండదు, తాడు పొడవుని బట్టి ఉంటుంది. 10 అడుగుల తాడైతే అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు 3.5 సెకన్లు, నీకైనా అంతే, అన్నయ్యకైనా అంతే. కాబట్టి గడియారం అక్కర్లేదు, ఊపులు లెక్కపెట్టుకోండి. వాడికి 50, నీకు 50, ఒక్కో వంతు మూడు నిమిషాల్లో అయిపోతుంది. లెక్కపెట్టేది మాత్రం దిగినవాళ్లు, ఊగేవాళ్లు కాదు. వాడు 30 తర్వాత మళ్లీ 20 నుంచి మొదలుపెడతాడు, నాకు తెలుసు, నేనూ ఒక చెల్లెలికి అన్నయ్యనే.